మూడొందల ఏడా, మూడొందల ముప్ఫై అయిదా?

మచిలీపట్నానికి బోర్డు మీద ఒక పేరు, జనం నోట్లో ఇంకో పేరు. బస్సు మీద మచిలీపట్నం అని రాసుంటుంది, కండక్టరు మాత్రం "బందరు, బందరు" అని అరుస్తాడు. తెల్లవాళ్ళ పాత పుస్తకాలు తిరగేస్తే మసూలా, మసులీపటం అని కూడా కనపడుతుంది. ఇన్ని పేర్లున్నా ఎవరూ తప్పు బస్సెక్కరు. పేర్లతో ఉన్న సుఖం అది. అంకెలతో వచ్చే చిక్కు వేరు. ఒక కాగితం మీద 307 అనీ ఇంకో కాగితం మీద 335 అనీ ఉంటే, ఆ రెండూ ఒకే చోటు అని ఎవరికీ తట్టదు. తట్టాలని ఆశించటం కూడా అన్యాయమే.

జీనోములో ఫలానా అక్షరం మారిందంటే ప్రోటీనులో ఎన్నో అమైనో ఆమ్లం మారినట్టు? ప్రోటీనులో ఫలానా చోట తేడా ఉందంటే జీనోములో ఎక్కడ వెతకాలి? ఈ లెక్కని అటూ ఇటూ మార్చే సాఫ్టువేరు మీద కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. చూడ్డానికి కూడికలు, తీసివేతలు, మహా అయితే మూడుతో ఒక భాగహారం. అందుకే మా పరిశ్రమలో దీనికి పెద్ద విలువ లేదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు మెషీన్ లెర్నింగ్ అంటే ఎగబడతారు గానీ, కోఆర్డినేట్లు మార్చే ఫంక్షను రాయమంటే మొహం మాడ్చుకుంటారు. "అది ఉత్త యుటిలిటీ కదండీ, ఎవరో ఒకరు ఎప్పుడో రాసే ఉంటారు" అంటారు. నిజమే, రాసే ఉంటారు. ఎక్కడ్నుంచి లెక్క మొదలుపెట్టి రాశారన్నదే ప్రశ్న.

సరే, అసలు విషయానికొస్తాను. నా చిన్ననాటి స్నేహితుడిది గుడివాడ. వాళ్ళది బియ్యం వ్యాపారం. కొన్నేళ్ళ క్రితం వాళ్ళ నాన్నగారికి (నాకు బాబాయిగారు) అర్ధరాత్రి పేగు మెలిక పడి, హడావుడిగా ఆపరేషను చెయ్యాల్సి వచ్చింది. ఆపరేషను బాగానే జరిగింది. కానీ ఆయన లేవలేదు. కళ్ళు తెరవటం సంగతి తర్వాత, ఊపిరే సొంతంగా తీసుకోలేదు. బయట కూర్చున్న వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పరు. వెంటిలేటరు మీద గంటల తరబడి ఉంచారు. తెల్లవారాక మెల్లగా వేళ్ళు కదిలాయి, మధ్యాహ్నానికి మాట్లాడారు.

అదృష్టం కొద్దీ ఆ మత్తు డాక్టరుగారు బాగా అనుభవం ఉన్నావిడ. జరిగిందేంటో ఆవిడకి వెంటనే అర్థమైంది. "మీకు స్కోలిన్ పడదు. ఇకమీదట ఎక్కడ ఆపరేషనైనా ముందే ఈ మాట చెప్పండి" అని కాగితం మీద రాసిచ్చి, ఊరుకోకుండా రక్తం తీయించి తనకి తెలిసిన పరిశోధకులకి పంపారు. కొన్నాళ్ళకి జవాబొచ్చింది. బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము జన్యువులో మార్పు ఉంది, లూసిన్ 307 ప్రోలిన్, రెండు కాపీల్లోనూ. అంటే ఆ ప్రోటీనులో 307వ చోట లూసిన్ ఉండాల్సింది పోయి ప్రోలిన్ వచ్చింది.

స్కోలిన్ అంటే సక్సినైల్‌కోలిన్. గొంతులోకి గొట్టం వెయ్యటానికి కండరాలన్నీ ఒక్క నిమిషంలో సడలిపోవాలి, ఆ పని ఇది చేస్తుంది. దాని గొప్పదనమల్లా ఎంత త్వరగా పనిచేస్తుందో అంత త్వరగా దిగిపోవటం. మామూలుగా పది నిమిషాలు దాటదు. దించేది ఎవరయ్యా అంటే మన రక్తంలో తిరిగే ఈ బ్యుటిరిల్‌కోలినెస్టరేజే. ఆ ఎంజైము పనిచెయ్యని మనిషికి ఇస్తే అది గంటల తరబడి దిగదు. ఊపిరి తీసే కండరాలు కూడా కండరాలే కదా! వెంటిలేటరు ఉండి, పక్కన తెలిసిన మనిషి ఉంటే ఏమీ కాదు. లేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ మందు జోలికి పోనంతకాలం ఆ మనిషికి ఏ లోటూ ఉండదు, నూరేళ్ళు హాయిగా బతకొచ్చు. బాబాయిగారికి అరవై దాటేదాకా తెలియకపోవటానికి కారణం అదే.

ఈ తేడాని డైబుకెయిన్ అనే మందుతో రక్తపరీక్ష చేసి పట్టుకోవచ్చని వెర్నర్ కాలో అనే ఆయన 1957లోనే చూపించాడు. బెజవాడలో ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడు అది. అంటే ఇదేం నిన్నా మొన్నటి విషయం కాదు. ఇక మనవైపు సంగతి. ఈ 307 మార్పు వైశ్యుల్లో ఉందని 2006లో తేల్చింది కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలో మనోహరన్, బూపతి, వాళ్ళతో కలిసి పనిచేసిన అమెరికా నెబ్రాస్కా శాస్త్రవేత్త ఒక్సానా లాక్‌రిడ్జ్ బృందం. తర్వాత 2009లో మన హైదరాబాదు సీసీఎంబీ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్ కలిసి 'నేచర్'లో రాసిన వ్యాసంలో ఆంధ్రా వైశ్యుల లెక్క కూడా ఉంది. వందకు పైగా తరాల క్రితం కొద్దిమందితో మొదలై, అప్పట్నుంచీ బయట సంబంధాలు చాలా తక్కువగా చేసుకుంటూ వచ్చిన సమూహం అని తేలింది. మొదటి కొద్దిమందిలో ఒకరి దగ్గరున్న అక్షరదోషం ఇన్ని లక్షల మందిలోకి అలా పాకింది. ఇది మేనరికాల సంగతి కాదు, అంతకన్నా చాలా పాతది. 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన వ్యాసం ప్రకారం ఈ ఎంజైము లోపం మిగతావాళ్ళతో పోలిస్తే వీళ్ళలో సుమారు వంద రెట్లు ఎక్కువ.

మనవైపు కొందరు మత్తు డాక్టర్లు ఆపరేషనుకి ముందు "మీరు వైశ్యులా?" అని అడిగేది ఇందుకే. విన్నవాళ్ళు నొచ్చుకుంటారు, ఆసుపత్రిలో కులం ఏంటని. అడిగేవాళ్ళ ఉద్దేశం ప్రాణం కాపాడటమే. కానీ నాకు ఆ ప్రశ్న నచ్చదు. ఇంటిపేరు ఒక ఉజ్జాయింపు మాత్రమే. ఎక్కువమంది వైశ్యులకి ఈ లోపం లేదు, ఎంజైము పనిచెయ్యకుండా చేసే మార్పులు వేరేవాళ్ళలోనూ ఉన్నాయి. మనిషి జన్యువులో ఆ ఒక్క చోటు చూసి, ఆ చోటుని ఎవరికైనా అర్థమయ్యేలా రాసిస్తే, కులం అడగాల్సిన పనే ఉండదు. అడ్రసు సరిగ్గా రాయటమనే గుమాస్తా పనికి అంత విలువుంది.

ఆ అడ్రసు దగ్గరే తేడా కొట్టింది.

మావాడి చెల్లెల్ని అవనిగడ్డ ఇచ్చారు. ఆ మధ్య తనకి పిత్తాశయంలో రాళ్ళున్నాయని, బందరులో ఆపరేషను పెట్టుకున్నారు. నాన్నకి జరిగింది మర్చిపోని మావాడు ముందే జన్యుపరీక్ష చేయిద్దామన్నాడు. ఒక ల్యాబుకి నమూనా పంపారు. (పేరెందుకు లెండి. ఒక్క ల్యాబు జబ్బయితే బాగానే ఉండేది.) దరఖాస్తులో "కుటుంబంలో ఇదివరకే తెలిసిన మార్పు" అనే గడి ఉంటే, నాన్న కాగితం చూసి లూసిన్ 307 ప్రోలిన్ అని నింపాడు. రిపోర్టు వచ్చింది. మొదటి పేజీలో పెద్దక్షరాలతో: కుటుంబంలో తెలిసిన మార్పు కనపడలేదు. నాలుగో పేజీలో చిన్నక్షరాలతో: అదే జన్యువులో లూసిన్ 335 ప్రోలిన్, రెండు కాపీలు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు మొదటి పేజీ చూసి "హమ్మయ్య, మీకు లేదమ్మా" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేం, అక్కడ రాసింది అదే. తప్పుపట్టింది మావాడే. రాత్రి పదింటికి ఫోను చేసి, "ఒరేయ్, జమాఖర్చు తేలటం లేదురా" అన్నాడు.

"దేనికి?"

"నాన్నకి రెండు కాపీలూ అవే అన్నారు కదా? పిల్లలకి నాన్న నుంచి ఒక కాపీ రావాలా వద్దా? రెండూ పాడైనవే అయితే, ఏదొచ్చినా పాడైంది రావాల్సిందేగా? మరి చెల్లికి అసలు లేదంటాడేంటి? నాన్న ఇచ్చింది ఏమైపోయింది? ఎవరికీ ఇవ్వని ఈ మూడొందల ముప్ఫై అయిదు ఎక్కడ్నుంచి ఊడిపడింది?"

బయాలజీ ఇంటర్లో కూడా చదవలేదు వాడు. చిట్టా పుస్తకంలో జమ అయినట్టు ఖర్చు కనపడాలి, అంతే వాడికి తెలిసింది. ఆ ల్యాబు ప్రోగ్రాముకి తెలియనిది సరిగ్గా అదే.

335 లోంచి 307 తీసేస్తే 28. ఈ జన్యువు సంగతి తెలిసినవాళ్ళకి ఆ 28 కనపడగానే దీపం వెలుగుతుంది. ఈ ప్రోటీను కణంలో తయారైనప్పుడు 602 అమైనో ఆమ్లాల పొడుగుంటుంది. మొదటి 28 దారి చూపించే తోక లాంటివి, "ఇది బయటికి పంపాల్సిన సరుకు" అని చెప్పే చీటీ. కణం గడప దాటించేటప్పుడు ఆ చీటీ చింపేస్తారు. రక్తంలో తిరిగేది మిగతా 574 మాత్రమే. 1987లో లాక్‌రిడ్జ్ వాళ్ళు రక్తంలోంచి ఈ ప్రోటీనుని తీసి వరసంతా చదివినప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది చీటీ చింపేసిన సరుకే. కాబట్టి అక్కడ్నుంచే ఒకటి, రెండు అని లెక్కపెట్టారు. ఎంజైము మీద పనిచేసేవాళ్ళంతా నేటికీ ఆ లెక్కే వాడుతున్నారు. తర్వాత జన్యుమార్పులు ఎలా రాయాలో హెచ్‌జీవీఎస్ వాళ్ళు నియమాలు పెట్టి, తయారీ మొదలయ్యే మెథియోనిన్ నుంచే లెక్కపెట్టాలన్నారు. అందుకని జన్యువు నుంచి వచ్చేవాళ్ళకి అదే చోటు 335.

రెండు లెక్కలూ నిజాయితీ గలవే. దివిసీమ రైతుని అడగండి. కాలవని బెజవాడ బ్యారేజీ నుంచి కొలిస్తే తన తూముకి ఒక మైలు నంబరు వస్తుంది. పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి కొలిస్తే ఇంకోటి. తూము కదల్లేదు, నీళ్ళూ మారలేదు. ఏ సున్నా నుంచి కొలిచారో రాయనంతవరకూ ఆ నంబరుతో మాత్రం ఉపయోగం లేదు.

అయితే తేడా 28 వచ్చింది కాబట్టి రెండూ ఒకటే అని ఫోనులో చెప్పేస్తే సరిపోదు. కాకతాళీయం కావచ్చు కదా? కాబట్టి తెలిసిన వేరే మార్పులు చూశాను. ఈ జన్యువులో అందరికంటే ప్రసిద్ధమైంది, కాలో పరీక్ష పట్టుకునే రకం. పాత వ్యాసాల్లో ఆస్పార్టేట్ 70 గ్లైసిన్, కొత్తవాటిలో 98. తేడా 28. కాలో పేరు మీదుగా కె-రకం అని పిలిచేది, పాత లెక్కలో అలనిన్ 539 థ్రియోనిన్, కొత్త లెక్కలో 567. తేడా 28. యూనిప్రాట్ లో ఈ ప్రోటీను పేజీ తీస్తే 1 నుంచి 28 వరకు తోక, 29 నుంచి 602 వరకు అసలు ప్రోటీను అని రాసే ఉంది. ఇక అనుమానం లేదు. చెల్లెలికి ఉన్నది బాబాయిగారిదే, ఇంకో కాపీ పిన్నిగారి వైపు నుంచి వచ్చి ఉంటుంది. మావాడికి చెబితే "అయితే లెక్క సరిపోయింది" అన్నాడు, ఏదో పాత బాకీ తీరినట్టు.

ఈ మొత్తం పని ప్రోగ్రాము చెయ్యాల్సింది. ఎందుకు చెయ్యలేదో ఊహించటం కష్టం కాదు. రెండు వాక్యాలని అక్షరాలుగా పోల్చి చూసుకుంది, 307 వేరు, 335 వేరు, కాబట్టి "కనపడలేదు". కనీసం ఒక్క ప్రశ్న వేసుకున్నా బాగుండేది: దరఖాస్తులో 307వ చోట లూసిన్ అన్నారు, నా లెక్కలో 307వ చోట ఏముంది? మొదట్నుంచి లెక్కపెడితే అక్కడున్నది వాలిన్, లూసిన్ కాదు. ఆ ఒక్క పరిశీలన చేసుంటే "మీరిచ్చిన అడ్రసులో ఆ పేరుగల మనిషి లేడు, ఒకసారి సరిచూడండి" అని కేక వేసేది. పోస్ట్‌మ్యాన్ కూడా చేసే పని కదా ఇది!

కానీ ఆ పరిశీలన ఒక్కటే ఉంటే చాలనుకోకండి. ఈ జన్యువులో దానికీ ఒక ఉచ్చు ఉంది. మన 335 లూసిన్. దాని ముందుది, 334, అదీ లూసినే! జంట ఇళ్ళు, రెండిటికీ ఒకే పేరు. ఇప్పుడు మన పాత శత్రువు, ఒకటి తేడా వచ్చే దోషం ఉందే, అది వచ్చిందనుకోండి. బెడ్ ఫైళ్ళలో లెక్క సున్నా నుంచి, వీసీఎఫ్ లోనూ జీఎఫ్ఎఫ్ లోనూ ఒకటి నుంచి అన్న సంగతి ఈ రంగంలో ఉన్నవాళ్ళకి తెలుసు, తెలిసీ ఏడుస్తూనే ఉంటారు. 335 బదులు 334 దగ్గర ఆగిన ప్రోగ్రాము "ఇక్కడ లూసిన్ ఉందా? ఉంది. సరే" అనుకుని నిమ్మళంగా వెళ్ళిపోతుంది. అందుకే ఇలాంటి కోడుకి టెస్టులు రాసేటప్పుడు పక్కపక్కన ఒకే ఆమ్లం ఉన్న చోట్లు వెతికి మరీ పెట్టాలి. ఎక్కడో ఒక మంచి చోటు తీసుకుని పచ్చటిక్కు చూసి సంబరపడితే కుదరదు.

జీనోము దాకా వెళ్తే ఇంకా రంజుగా ఉంటుంది. 335వ అమైనో ఆమ్లం అంటే కోడు అక్షరాల్లో 1003, 1004, 1005. మధ్యలో ఉన్న 1004వ అక్షరం టీ బదులు సీ అయింది. రిపోర్టులో అలాగే రాశారు. కానీ యంత్రం నుంచి వచ్చిన వీసీఎఫ్ ఫైలు తెరిస్తే అక్కడ ఏ బదులు జీ అని ఉంటుంది! అదీ ఇదీ ఒకటే. ఈ జన్యువు 3వ క్రోమోజోములో ఎదురు పోగు మీద ఉంది. గుడివాడ నుంచి బందరు పాసింజరులో గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన అని వచ్చే వరస, బందరు నుంచి తిరిగొచ్చేటప్పుడు తలకిందులవుతుంది కదా. జీనోము పటం ఒక వైపు నుంచి చదువుతుంది, ఈ జన్యువు రెండో వైపు నుంచి. వరస తిరగబడటమే కాదు, అక్షరాలు కూడా జతల ప్రకారం మారతాయి. టీకి ఏ, సీకి జీ.

ఆపైన మధ్యలో అర్థంలేని భాగాలు, ఇంట్రాన్లు. ఈ జన్యువు జీనోములో సుమారు 64 వేల అక్షరాల మేర పరుచుకుని ఉంది, అందులో ప్రోటీనుగా మారే కోడు 1,809 అక్షరాలే, చివరి చుక్కతో కలిపి. కాబట్టి జీనోములో ఇద్దరి మధ్య దూరం, ప్రోటీనులో వాళ్ళిద్దరి మధ్య దూరం వేర్వేరు. మన 335 దగ్గర ఆ బాధ పెద్దగా లేదు, కోడు మొదలైన ఎక్సానులోనే ఉంది. ఆ బాధ చూడాలంటే బీటా గ్లోబిన్ జన్యువు చూడాలి. తలసీమియా ఉన్న ఇళ్ళలో వినపడే పేరు. దాంట్లో 31వ అమైనో ఆమ్లం ఆర్జినిన్. దాని మూడక్షరాల్లో రెండు మొదటి ఎక్సాను చివర ఉంటాయి, మూడోది 130 అక్షరాల ఇంట్రాను దాటి అవతల ఉంటుంది. నాగాయలంక మండలం ఒకటే, కానీ ఎదురుమొండి కృష్ణకి అవతల, మధ్యలో నీళ్ళు. మండలంలో ఇళ్ళు లెక్కపెట్టేవాడు నదిని లెక్కపెట్టడు, కానీ నది దాటకుండా లెక్క పూర్తి చెయ్యలేడు. ప్రోటీను నుంచి జీనోముకి మార్చే ఫంక్షను ఇలాంటి చోట "ఇక్కడ్నుంచి ఇక్కడికి" అని ఒకే ముక్క తిరిగిస్తే అది తప్పు. రెండు ముక్కలివ్వాలి. ఇది తెలియకుండా రాసిన కోడు నేను చూసినంతలోనే చాలా ఉంది.

అన్నట్టు ఆ గ్లోబిన్ లోనూ ఇదే ముచ్చట ఉంది. సికిల్ సెల్ మార్పుని డాక్టర్లు తరతరాలుగా గ్లుటమేట్ 6 వాలిన్ అంటారు, పుస్తకాల్లో అలాగే ఉంది. కొత్త నియమం ప్రకారం అది 7. అక్కడ తేడా 28 కాదు, ఒకటే, మొదటి మెథియోనిన్ ఊడిపోతుంది కాబట్టి. అంటే "పాత లెక్కకి 28 కలుపు" అనేది సూత్రం కాదు. ప్రతి ప్రోటీనుకీ దాని తోక దానిదే. దీన్ని కోడులో ఒక స్థిరసంఖ్యగా రాసేవాళ్ళకి దండం.

ఇక పటమే మారిపోతే? మనవైపు 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలయ్యాక, పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీఎం నంబర్లు వచ్చి ఊళ్ళల్లో ఎంత గందరగోళం అయిందో గుర్తుందిగా. పొలం అక్కడే ఉంది, గట్టు అక్కడే ఉంది, పాసు పుస్తకంలో నంబరు వేరు. జీనోము పటాలకీ రీసర్వేలున్నాయి. 2009లో వచ్చిన జీఆర్‌సీహెచ్ 37, 2013 చివర్లో వచ్చిన జీఆర్‌సీహెచ్ 38. ఈ రెండింటి మధ్య మన జన్యువు సుమారు 2 లక్షల 82 వేల అక్షరాలు జరిగింది. ఒక పటంలో అంకెతో రెండో పటంలో వెతికితే ఎవరి పొలంలోనో తేలతాం. దీనికి లిఫ్ట్‌ఓవర్ అని ఒక సాధనం ఉంది. చాలావరకు బాగానే పనిచేస్తుంది, కానీ ఏ పటమో చెప్పని అంకెని అది మాత్రం ఏం చేస్తుంది?

అసలు ఇవన్నీ చెయ్యటానికి మంచి సాధనాలు లేక కాదు. ఎన్సెంబుల్ వాళ్ళ వీఈపీ ఉంది, హాలండులో లైడెన్ లో పుట్టిన మ్యూటలైజరు ఉంది, ఆర్ భాషలో ఎన్సెంబుల్‌డీబీ ఉంది, పైథాన్ లో హెచ్‌జీవీఎస్ ప్యాకేజీ ఉంది. 2015లో వచ్చిన ట్రాన్స్‌వార్ అయితే ప్రోటీను పేరు నుంచి వెనక్కి జీనోముకి వెళ్ళే కష్టమైన దారి కోసమే ఉంది. కష్టం ఎందుకంటే వెనక్కి వెళ్ళేటప్పుడు దారి ఒక్కటి కాదు. 64 మూడక్షరాల మాటలు, 20 ఆమ్లాలు. ప్రోలిన్ అని రాయటానికే నాలుగు మాటలున్నాయి. ఒకే జన్యువుకి రకరకాల ట్రాన్స్‌క్రిప్టులుంటే దేని లెక్క అన్నది ఇంకో తలనొప్పి. అమెరికా, యూరప్ సంస్థలు కూర్చుని జన్యువుకి ఒకటి చొప్పున మేన్ పేరుతో ఒప్పుకున్న ట్రాన్స్‌క్రిప్టుల జాబితా గురించి 2022లో 'నేచర్'లో రాశాక ఆ గొడవ కొంచెం సద్దుమణిగింది.

ఈ సాధనాలన్నీ ఒక విషయంలో కచ్చితంగా ఉంటాయి. అంకె ఒక్కటే తీసుకోవు. అది ఏ వరసలో అంకె అని అడుగుతాయి. మన దగ్గర సమస్య ఆ సాధనాలకి ఇవతల, దరఖాస్తు గడి దగ్గర, రిపోర్టు మొదటి పేజీ దగ్గర ఉంది. అక్కడ అంకెని స్ట్రింగుగా దాచుకుంటారు. డబ్బు లెక్కల్లో రూపాయా డాలరా రాయకుండా ఉత్త 500 అని డేటాబేసులో పెట్టే ప్రోగ్రామర్ని మనం రివ్యూలో చీల్చి చెండాడతాం. మనిషి ఊపిరి ఆధారపడ్డ అంకె దగ్గరకొచ్చేసరికి ఏ సున్నా నుంచో రాయకపోయినా పాసైపోతుంది.

డెల్టాకి సంబంధించి ఇంకో మాట చెప్పకపోతే అసంపూర్ణం. పురుగుమందు తాగినవాళ్ళని తెస్తే ఆసుపత్రుల్లో చూసే పరీక్షల్లో ఒకటి రక్తంలో సూడోకోలినెస్టరేజ్ ఎంతుందని. అది ఇదే ఎంజైము, ఇంకో పేరు. (ఊరికి రెండు పేర్లయితే దీనికి నాలుగైదు.) ఆర్గనోఫాస్ఫేటు మందులు దాన్ని పడగొడతాయి. పుట్టుకతోనే అది పనిచెయ్యని మనిషి వేరే ఏ కారణంతోనో స్పృహతప్పి వస్తే, రిపోర్టులో సున్నా చూసి ఏమనుకుంటారు? వరిచేల మధ్య ఉండే ఊళ్ళల్లో ఇది ఊహాగానం కాదు. జేబులో చీటీ ఉంటే ఆ ఒక్క అపార్థమైనా తప్పుతుంది.

చెల్లెలి ఆపరేషను బందరులోనే అయింది. ఆరోజు వచ్చిన మత్తు డాక్టరుగారికి మావాడు పాత కాగితం, కొత్త కాగితం, నేను రాసిచ్చిన ఒక పేజీ లెక్క, మూడూ చూపించాడు. ఆయన లెక్క మొత్తం చదివారట. చదివి, "ఇంత రాయక్కర్లేదు బాబూ, నాన్నగారి సంగతి చెబితే చాలు, అనుమానం ఉన్నచోట స్కోలిన్ ఇవ్వను. రోక్యురోనియం ఉంది, దాన్ని దించే మందూ ఉంది" అన్నారట. మంచి డాక్టరు. కానీ ప్రతిచోటా ఆయనే ఉండడు, ప్రతిసారీ పక్కన మావాడూ ఉండడు. వాళ్ళ తమ్ముడు డాలస్ లో ఉన్నాడు. అక్కడ ఇంటిపేరు చూసి ఎవరూ ఏమీ గుర్తుపట్టరు. వాడికీ నాన్న నుంచి కనీసం ఒక కాపీ వచ్చి తీరుతుంది, రెండోది ఎలాంటిదో పరీక్ష చేయిస్తే గానీ తెలియదు.

అందుకని పర్సులో పెట్టుకునే కార్డు ఒకటి తయారుచేశాం. సక్సినైల్‌కోలిన్, మైవాక్యూరియం ఇవ్వకూడదు అన్నది మొదటి వరస, ఎర్రక్షరాలతో. కింద జన్యువు పేరు, ట్రాన్స్‌క్రిప్టు వెర్షనుతో సహా, 1004 టీ నుంచి సీ, లూసిన్ 335 ప్రోలిన్, పాత వ్యాసాల్లో లూసిన్ 307 ప్రోలిన్ అని రాసేది ఇదే. జీనోము అడ్రసు, ఏ పటమో పక్కనే. గుడివాడలో పెళ్ళి శుభలేఖలు అచ్చేసే అతను వేసిచ్చాడు. "ఇంత చిన్నక్షరాలు ఎవరు చదువుతారండీ?" అన్నాడట. బాబాయిగారు, చెల్లెలు పెట్టుకున్నారు. తమ్ముడు పరీక్షకిచ్చాడు, ఫలితం ఇంకా రాలేదు.

ల్యాబుకి నేను మెయిలు రాశాను. దరఖాస్తు గడిలో లెక్క ఏ మొదలు నుంచో అడగమనీ, 307వ చోట వాలిన్ కనపడినప్పుడు ఆగమనీ, మొదటి పేజీలో "కనపడలేదు" అనే ముందు అదే జన్యువులో దొరికినవి కూడా చూపించమనీ. ఉదాహరణకి పై మూడు మార్పులూ టెస్టులుగా జతచేశాను, 334 జంటతో సహా. మర్యాదగా జవాబిచ్చారు, టికెట్ నంబరు కూడా ఇచ్చారు. నిన్న చూశాను, ఇంకా తెరిచే ఉంది. ప్రాధాన్యం దగ్గర "తక్కువ" అని ఉంది.